ఐసు ఎవరి సొత్తు?

(తీరప్రాంత మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "ఆహార పదార్థాల రవాణాలో పరిశుభ్రత". ఇది ఏ ఫుడ్ ఇన్‌స్పెక్టరో, ఏ హోమ్‌సైన్సు లెక్చరరో మాట్లాడాల్సిన విషయం కదా, స్త్రీల హక్కుల గురించి చర్చించుకునే చోట దీనికేం పని అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. పరిశుభ్రత అనే మాట వినగానే మనకి చేతులు కడుక్కోవడం, మూతలు పెట్టడం, గోళ్ళు కత్తిరించుకోవడం గుర్తొస్తాయి. ఇవన్నీ ఆడవాళ్ళకి చెప్పే బోధలే. ఇవాళ నేను ఆ బోధ చెయ్యబోవడం లేదు. ఒకే ఒక్క పదార్థాన్ని, ఒకే ఒక్క దారిని తీసుకుంటాను. సముద్రపు చేప ఒడ్డుకొచ్చిన క్షణం నుంచి ఊళ్ళో మన గుమ్మం ముందుకి గంపలో వచ్చేదాకా ఉన్న దారి. ఆ దారిలో చేప చెడకుండా ఉండాలంటే ఏం కావాలి, అది ఎవరి దగ్గరుంది, ఎవరి దగ్గర లేదు అన్నదే నా ప్రశ్న.

ముందు చేప ఎందుకు చెడుతుందో కొంచెం తెలుసుకుందాం. సాంకేతిక విషయాలు మనకెందుకులే అని వదిలేస్తే వాటిని అడ్డం పెట్టుకునే మన నోరు మూయిస్తారు. చేప చచ్చిపోగానే దాని చర్మం మీద, మొప్పల్లో, పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఎంత వేడి ఉంటే అంత వేగంగా పెరుగుతాయి. మన తీరంలో పగటిపూట 30 డిగ్రీలు దాటే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున ఒడ్డుకొచ్చిన చేప ఐసు లేకపోతే సాయంత్రానికల్లా పాడవడం మొదలుపెడుతుంది. అదే చేపని పట్టిన వెంటనే ఐసులో పెట్టి సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే వారం, పదిరోజుల పైన కూడా తినడానికి పనికొస్తుంది. తేడా అంతా చల్లదనంలో ఉంది. సబ్బులో లేదు.

ఇంకో విషయం. కానాగంతలు, కవళ్ళు, సూర లాంటి చేపలు వేడికి నిలవుంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కాసేపటికే ఒళ్ళు ఎర్రబడి దురదలు, తలనొప్పి వస్తాయి. "చేప పడలేదు" అనుకుంటాం. చేప పడకపోవడం కాదు, చేప దారిలో వేడెక్కింది. ఒకసారి హిస్టమిన్ తయారయ్యాక ఎంతసేపు ఉడకబెట్టినా పోదు. అంటే ఇంట్లో వండే ఆడమనిషి ఎంత శుభ్రంగా వండినా లాభం లేదు. పులుసు మరిగించినంత మాత్రాన అన్నీ చచ్చిపోతాయన్న మన ధీమా ఇక్కడ పనిచెయ్యదు. వీటిలో సూరని పక్కనపెడితే, కానాగంతలు, కవళ్ళు పేదవాళ్ళు కొనుక్కునే చౌక చేపలు. గంపల్లో వచ్చేవి ఎక్కువగా ఇవే.

ఇక శిక్షణ పుస్తకాలు ఏం చెబుతాయంటే, ఉష్ణప్రాంతాల్లో కిలో చేపకి కిలో ఐసు వెయ్యాలి. లెక్క సరైనదే. చేపని 30 నుంచి సున్నాకి తేవడానికి నిజానికి అంత ఐసు అక్కర్లేదు, కిలో ఐసు మూడు కిలోల చేపని చల్లబరచగలదు. కానీ బయటి వేడి తగులుతూనే ఉంటుంది కాబట్టి మిగతా ఐసు ఆ వేడిని ఆపడానికి కరిగిపోతుంది. మందపాటి పెట్టెలో పెడితే తక్కువ ఐసు చాలు. వెదురు గంపలోనో, సిల్వర్ తట్టలోనో పెడితే ఎంత వేసినా చాలదు.

ఇప్పుడు ఈ లెక్కని ఒక మనిషి తల మీద పెట్టి చూడండి. చుట్టకుదురు మీద గంప పెట్టుకుని ఊళ్ళు తిరిగే స్త్రీ 30 కిలోలు మోస్తుందనుకుందాం. పుస్తకం చెప్పినట్టు చేస్తే అందులో 15 కిలోల చేప, 15 కిలోల ఐసు. మోసే బరువు అదే, నడిచే దూరం అదే, అమ్ముకునే సరుకు మాత్రం సగం. పైగా ఐసుకి డబ్బు పెట్టాలి. చేప కొన్నదే అప్పు మీద, ఆ అప్పు సాయంత్రానికి తీర్చాలి. ఇప్పుడు చెప్పండి, ఆమె ఐసు వెయ్యకపోవడం అజ్ఞానమా, లెక్కా? మన స్వచ్ఛంద సంస్థలు చాలాసార్లు దీన్ని "అవగాహన లోపం" అని నివేదికల్లో రాస్తాయి. నాకు ఆ మాట మీదే కోపం. ఆమె లెక్క మనకంటే ఆమెకే బాగా తెలుసు.

సరే, తల మీద కాకుండా బండి మీద తీసుకెళ్ళవచ్చు కదా అంటారు. ఐసు కరుగుతుంది, నీళ్ళు కారతాయి. చేపనీళ్ళు కారే గంపని బస్సులోకి ఎక్కనివ్వరు. ఎక్కినా వెనక్కి పొమ్మంటారు, పైకప్పు మీద వెయ్యమంటారు, లేకపోతే మధ్యలో దింపేస్తారు. 2021 డిసెంబరులో తమిళనాడులో, కన్యాకుమారి జిల్లా కొలచ్చెల్‌లో ఒక వృద్ధ మత్స్యకార స్త్రీని కంపు కొడుతోందంటూ బస్సులోంచి దింపేస్తే ఆమె బస్టాండులో నిలబడి నిలదీసిన దృశ్యం దేశమంతా చూసింది. ఆమె ఆ రోజు చేపలన్నీ అమ్మేసుకుని ఇంటికి వెళుతోంది. అంటే అభ్యంతరం సరుకు మీద కూడా కాదు, ఆమె మీద. ప్రభుత్వం బస్సు సిబ్బందిని సస్పెండ్ చేసింది. అది వీడియో తీశారు కాబట్టి. మన తీరంలో ఇది రోజూ జరిగేదే, ఎవరూ వీడియో తియ్యరు.

ఈ "కంపు" అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. తాజా చేపకి సముద్రపు వాసన తప్ప కంపు ఉండదు. కంపు సూక్ష్మజీవులు పెరిగినప్పుడు వస్తుంది, అవి చల్లదనం లేనప్పుడు పెరుగుతాయి. అంటే ఐసు అందని చేప కంపు కొడుతుంది, ఆ కంపు అమ్మే మనిషికి అంటుకుంటుంది, తర్వాత అది ఆమె కులానికి, ఆమె పేటకి గుణంగా మారిపోతుంది. జాలరి పేట, పల్లెవాళ్ళ వీధి అనగానే ముక్కు మూసుకునేవాళ్ళు ఆ చేపని ఇంట్లో ఇష్టంగా తింటారు.

ఇక కొనేవాళ్ళ సంగతి. మనమే, ఇంకెవరో కాదు. గంపలో ఐసు కనపడగానే "ఐసు చేపా? ఎన్నాళ్ళదో!" అంటాం. ఐసు వేసింది నిలవ చేప అని మనలో నాటుకుపోయింది. నేను తిరిగిన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకావిడ ఈ విషయాన్ని ఒక్క ముక్కలో చెప్పింది: "ఐసేస్తే పాత సేపంటారమ్మా, ఎయ్యకపోతే కంపంటారు. మరి మేమేం సెయ్యాల?" ఆమె చేసే పని ఏమిటంటే, అడుగున కొంచెం ఐసు, దానిమీద ఆకులు, గోనెపట్టా, దాని మీద చేప. ఐసు దాచుకుని అమ్మాలి. పై చేపకి చల్లదనం తగలదు, అడుగు చేప కరిగిన నీళ్ళలో నానుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఈ దారి ఇంత పొడుగు ఎందుకైందో చూద్దాం. ఆంధ్ర తీరంలో ఐదు వందలకు పైగా మత్స్యకార గ్రామాలున్నాయి. తెప్పలు, నాటు పడవల కాలంలో చేప ఏ ఊరిది ఆ ఊరి ఒడ్డుకే వచ్చేది. ఆడవాళ్ళు పడవకి ఎదురెళ్ళి చేప దింపుకుని పక్క ఊళ్ళకి నడిచేవాళ్ళు. కష్టమే, కానీ దారి చిన్నది. తర్వాత మరపడవలు, ట్రాలర్లు వచ్చాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి చోట్ల హార్బర్లు కట్టారు. చేప ఊరి ఒడ్డుకి రావడం తగ్గిపోయి హార్బరుకి చేరింది. అక్కడ వేలంపాట. పెద్ద చేప, రొయ్య, ఎగుమతికి పనికొచ్చేది పెద్ద వర్తకులు పాడుకుంటారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి ఒక చిన్న కుప్ప పాడుకుని పంచుకుంటారు. అందుకోసం అర్ధరాత్రి దాటాక ఇంట్లోంచి బయలుదేరాలి. అభివృద్ధి పేరుతో జరిగిన ఈ మార్పులో సరుకు ఒకచోటికి చేరింది, ఐసు ఫ్యాక్టరీలు అక్కడే వచ్చాయి, కానీ ఆడవాళ్ళ దారి మాత్రం రెట్టింపైంది.

ఐసు లేదా అంటే, ఉంది. ఎవరికుందో చూడండి. 1997 ఆగస్టులో ఐరోపా సంఘం పరిశుభ్రత ప్రమాణాలు లేవంటూ మన దేశపు సముద్ర ఉత్పత్తుల దిగుమతిని ఆపేసింది. ఆ దెబ్బకి ఫ్యాక్టరీలు మారిపోయాయి. టైల్సు గోడలు, మంచినీళ్ళతో చేసిన ఐసు, ఉష్ణోగ్రత రికార్డులు, టోపీలు, గ్లవ్స్, అన్నీ వచ్చాయి. ఇవాళ గోదావరి, కృష్ణా జిల్లాల్లో రొయ్యల చెరువు పట్టుబడి జరిగేటప్పుడు చూడండి. చెరువు గట్టు మీదే ఐసునీళ్ళ తొట్లు, రొయ్య నీళ్ళలోంచి వచ్చిన నిమిషాల్లో అందులో పడుతుంది, అక్కడి నుంచి మూతల పెట్టెల బండ్లలో ప్లాంటుకి వెళుతుంది. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి బొచ్చె, శీలావతి ప్లాస్టిక్ ట్రేలలో ఐసు వేసుకుని లారీల్లో కలకత్తాకి, అస్సాముకి రోజుల తరబడి ప్రయాణం చేస్తాయి. వేల కిలోమీటర్ల దూరం తీసుకెళ్ళే చేపకి ఐసుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో మన గుమ్మానికి వచ్చే చేపకి లేదు. చెయ్యడం రాక కాదు ఇది. ఎవరి కడుపు కోసం చెయ్యాలన్నదే తేడా.

రొయ్యల ప్లాంట్లలో ఆడవాళ్ళకి ఐసు దొరుకుతుంది సుమా! తలలు తీసే పని, తొక్క ఒలిచే పని అంతా వాళ్ళదే. షిఫ్టు పొడుగునా చేతులు ఐసులోనే. వేళ్ళు మొద్దుబారిపోతాయి, గోళ్ళ చుట్టూ చర్మం చీలిపోతుంది, ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే మంట. రొయ్య ఉష్ణోగ్రత ఎంత ఉందో గంటగంటకీ రాసిపెట్టే రిజిస్టరు ఉంటుంది. ఒలిచే చేతుల సంగతి రాసే రిజిస్టరు నేను ఎక్కడా చూడలేదు.

2018 సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ జూన్‌లో కేరళ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఫార్మాలిన్ కలిపిన చేపలను పట్టుకున్నారు. జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల మీద కొద్దిరోజులు నిషేధం పెట్టింది. ఫార్మాలిన్ అంటే శవాలు చెడకుండా వాడేది. దూరప్రయాణంలో ఐసు ఖర్చు తగ్గించుకోవాలనుకునే వర్తకుడికి అది పనికొస్తుంది. పొద్దున పాడుకుని మధ్యాహ్నానికి అమ్మేసుకునే గంప మనిషికి దానితో ఏం పని? కానీ ఆ వార్తలు వచ్చినప్పుడు వీధి గుమ్మాల్లో "మందు కొట్టారేమో, వద్దులే" అని తలుపులు వేసింది గంపల వాళ్ళ ముందే. లారీల వాళ్ళకి సంఘాలున్నాయి, మంత్రుల దాకా వెళ్ళగలరు. వీళ్ళకి ఆ రోజు అప్పు మిగిలింది.

చట్టం దగ్గరికి వద్దాం. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్‌లో ఒక ఉపసెక్షన్ ఉంది. రైతుకి, తన పనిలో ఉన్న మత్స్యకారుడికి ఈ చట్టం వర్తించదు అని. మంచిదే. కానీ అదే చట్టం 31వ సెక్షన్‌లో చిల్లర వర్తకులు, తిరిగి అమ్ముకునేవాళ్ళు లైసెన్సు అక్కర్లేదు గానీ రిజిస్టరు చేయించుకోవాలి అని రాసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే ఇంట్లో పట్టే మగవాడు మత్స్యకారుడు, అమ్మే ఆడమనిషి ఆహార వ్యాపారి. పట్టడం వృత్తి, అమ్మడం వ్యాపారం. ఒడ్డున పడవ ఆగేవరకు చట్టం కళ్ళు మూసుకుంటుంది, గంప తలకెత్తుకోగానే తెరుస్తుంది. చేప సముద్రంలో పట్టినప్పటి నుంచే వేడెక్కుతుంది కదా! పడవలో ఐసు లేకుండా ఎనిమిది గంటలు పడున్న చేపకి దారి చివర ఆమె జవాబుదారీ. చట్టం రాసినవాళ్ళు ఇలా అనుకుని రాశారని నేననను. ఇంట్లో ఉన్న శ్రమ విభజనని చూడకుండా రాస్తే చట్టం ఇలాగే తయారవుతుంది.

2014లో వీధి విక్రేతల చట్టం వచ్చింది. ఇది మనకి కొంత అక్కరకొచ్చేది. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా విక్రేతల ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. సర్వే పూర్తయి, అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కానీ జరుగుతున్నదేమిటి? "పరిశుభ్రమైన ఆధునిక చేపల మార్కెట్" కడతామని పాత సంత కూల్చేస్తారు. కొత్త బిల్డింగులో స్టాళ్ళకి అడ్వాన్సు కట్టగలిగినవాళ్ళకే చోటు. కింద కూర్చుని అమ్ముకునేవాళ్ళు రోడ్డు మీదకి, ఎండలోకి. అంటే పరిశుభ్రత పేరుతో చేపని నీడలోంచి ఎండలోకి నెట్టడం! పాత సంతలో రోజూ ఆశీలు వసూలు చేసినవాడు ఒక కుళాయి పెట్టించలేదు, ఒక మరుగుదొడ్డి కట్టించలేదు. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు వదిలిన మనిషి మధ్యాహ్నం దాకా ఒంటికి పోకుండా, నీళ్ళు తాగకుండా కూర్చుంటుంది. ఆ మనిషికి చేతులు సబ్బుతో కడుక్కోమని పోస్టరు చూపించడానికి మనకి మొహం ఎలా చెల్లుతుంది?

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2020లో ప్రకటించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న మోటారు సైకిళ్ళు, ఆటోలు చేర్చారు. స్త్రీలకి, దళిత, ఆదివాసీలకి ఖర్చులో 60 శాతం, మిగతావాళ్ళకి 40 శాతం సబ్సిడీ. ఆ 20 శాతం తేడా వల్ల కాగితం మీద స్త్రీల పేర్లు బాగానే కనిపిస్తాయి. బండి నడిపేది ఎవరు? భర్త, కొడుకు, కొన్నిచోట్ల ఊళ్ళో వర్తకుడే. నలభై, యాభై ఏళ్ళు దాటినవాళ్ళు మోటారు సైకిల్ నేర్చుకుని ఐసు పెట్టెతో వెళ్ళాలని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు. నేర్చుకునే అమ్మాయిలుంటే నేర్పిద్దాం, సంతోషమే. కానీ ఇవాళ గంప మోస్తున్న మనిషికి కావలసింది సొంత బండి కాదు. వేలంపాట అయ్యే వేళకి హార్బరు గేటు దగ్గర నిలబడి ఉండే ఒక వాహనం.

అది అసాధ్యమేమీ కాదు. తిరువనంతపురం జిల్లాలో మత్స్యకార స్త్రీలు 1970ల చివర్లోనే బస్సుల్లో ప్రయాణించే హక్కు కోసం పోరాడారు. ఆ పోరాటం ఫలితంగానే ప్రభుత్వం వాళ్ళకి ప్రత్యేక బస్సులు వేసింది. 2021 ఆగస్టులో కేరళ ఆర్టీసీ అదే నగరంలో "సముద్ర" పేరుతో వాళ్ళ కోసం ఉచిత బస్సులు మొదలుపెట్టింది. చేప పెట్టెలు పెట్టుకోవడానికి వేరే చోటు ఉన్న బస్సులు. మన రాష్ట్రాల్లోనూ తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకి ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. గొప్ప విషయమే, నేను తక్కువ చెయ్యను. కానీ మనిషికి టిక్కెట్టు లేదు, గంపకి చోటూ లేదు. గంప లేకుండా ఆమె ఎక్కడికి వెళ్ళాలి, ఎందుకు వెళ్ళాలి?

మనం చెయ్యాల్సిన పని గురించి మీరు అడుగుతారని తెలుసు కాబట్టి కొన్ని చెబుతాను. మీ మండలంలో ఐసు ఫ్యాక్టరీ ఏ నీళ్ళతో ఐసు చేస్తుందో కనుక్కోండి. చెడ్డనీళ్ళ ఐసు చేపని చల్లబరుస్తూనే మురికి చేస్తుంది. దిమ్మని నేల మీద ఈడ్చి, అక్కడే పగలగొట్టి అమ్మడం ఆపించండి. హార్బరులో పెద్ద వర్తకులు టన్నుల్లో కొంటారు, గంప మనిషికి పది కిలోల ఐసు ఏ ధరకి దొరుకుతుందో విడిగా అడగండి. వాళ్ళకి టోకు ధర, వీళ్ళకి చిల్లర ధర అయితే, ఆడవాళ్ళ సంఘం పేరుమీద టోకుగా కొని పంచుకునే వీలుంది. పట్టణ విక్రయ కమిటీ మీ ఊళ్ళో ఉందో లేదో, అందులో చేపలమ్మే స్త్రీ ఒక్కరైనా ఉన్నారో లేదో మునిసిపల్ ఆఫీసులో సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. సంతలో కుళాయి, మరుగుదొడ్డి, నీడ లేకుండా ఆశీలు ఎలా వసూలు చేస్తారని కూడా అదే కాగితంలో అడగవచ్చు.

చివరగా పెట్టెల గురించి. మీలో కొన్ని సంస్థలు ఐసు పెట్టెలు పంచుతున్నారు. ఇచ్చేముందు దయచేసి వాటిని ఒకసారి మీరే తల మీదకి ఎత్తుకుని చూడండి. చాలా పెట్టెలు ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని లారీలోకి ఎక్కించడానికి చేసినవి. కొన్నింటికి అడుగున నీళ్ళు పోయే రంధ్రం లేదు. నీళ్ళు నిలిస్తే చేప అందులో నానుతుంది, అడుగువరస ముందు చెడుతుంది. రంధ్రం ఉంటే కరిగిన నీళ్ళు జిగురుని కూడా కడిగి బయటికి తీసుకుపోతాయి, కానీ ఆ నీళ్ళు బస్సులో కారతాయి. అందుకని రంధ్రానికి బిరడా ఉండాలి, నీళ్ళు పట్టే చిన్న గిన్నె కింద ఉండాలి. ఒక పేటలో ఆడవాళ్ళు పాత పెట్టెకి గ్లూకోజు సీసా పైపు బిగించి ఈ పని తామే చేసుకున్నారు. ఆ పెట్టె ఫొటో తెచ్చాను, టీ విరామంలో చూడండి. దాన్ని తయారు చేసిన ఇద్దరు కూడా మన వెనక వరసలో ఉన్నారు, మిగతా ప్రశ్నలు వాళ్ళనే అడగండి.